మరియా మాంటిస్సోరి

మన దేశమున పట్టణములందును, పెద్ద గ్రామములందును మాంటిస్సోరి పేరు గల బాలపాఠశాలలు అనేకములు కలవు. ఆ పేరు ఇటలీ దేశపు స్త్రీ యొకతెదని ఎరిగినవారు కొందరే. ఆమె విద్యావిధానము మొట్టమొదట చురుకైన బిడ్డల కొరకు ఏర్పడినది కాదనియు, చదువు రాదని లోకము విడిచిపెట్టిన బిడ్డల నడుమ పుట్టినదనియు ఎరిగినవారు ఇంకను తక్కువ. ఆ బిడ్డలకు ఆమె యేమి యిచ్చెనో, వారివలన ఆమెకును లోకమునకును ఏమి లభించెనో తెలియజేయునదే ఈ చరిత్రము.

మరియా మాంటిస్సోరి 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమునందు అంకోనా నగరమునకు సమీపమున నున్న కియారవల్లె అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. పూర్వాచారములయందు పట్టుదల గలవాడు. తల్లి రెనీల్డె గ్రంథపఠనమునందు మిక్కిలి ఆసక్తి గలది. వారికి మరియా యొక్కతెయే సంతానము. ఆమెకు ఐదేండ్ల వయస్సు వచ్చునప్పటికి, 1875లో, ఆ కుటుంబము రోము నగరమునకు తరలివచ్చెను.

బాల్యమున మరియా అసాధారణురాలుగా కనబడలేదు. మొదటి తరగతులలో ఆమెకు లభించిన ప్రశంసాపత్రములు సత్ప్రవర్తనకును, స్త్రీలకు తగిన చేతిపనికిని మాత్రమే. ఏండ్లు గడచినకొలది ఆమెకు గణితముపై మక్కువ పెరిగెను. 13 ఏండ్ల వయస్సున బాలురు చదువు సాంకేతిక పాఠశాలలో చేరెను. ఇంజనీరు కావలెనని మొదట తలంచి, పిదప వైద్యవిద్యవైపు మనస్సు త్రిప్పుకొనెను. ఆ దినములలో ఆడుపిల్ల చదివిన ఉపాధ్యాయిని కావలెనే గాని వైద్యురాలగుట లోకమునకు రుచింపలేదు. తండ్రి సమ్మతింపలేదు. తల్లి మాత్రము ఆమెకు అండగా నిలిచెను.

రోము విశ్వవిద్యాలయమున చేరిన పిమ్మట ఆమె పడిన ఇక్కట్లు సామాన్యములు కావు. పురుష విద్యార్థులతో కలిసి శవచ్ఛేదనము చేయుట స్త్రీకి తగదని పెద్దలు నిర్ణయించుటచే, తరగతులు ముగిసిన పిమ్మట ఆమె యొంటరిగా ఆ గదిలో కూర్చుండి పని చేయవలసి వచ్చెను. తోడి విద్యార్థుల పరిహాసమును ఆమె లక్ష్యపెట్టలేదు. చివరి సంవత్సరమున ఆమె సభలో నొక ఉపన్యాస మీయగా, తండ్రి యొక మిత్రుని బలవంతముచే అచ్చటికి వచ్చెననియు, ఉపన్యాసము ముగియగానే అందరు తనను చుట్టుముట్టి అభినందింపగా ఆయన మనస్సు కరగెననియు చెప్పుదురు. 1896వ సంవత్సరము జూలై మాసమున ఆమె వైద్యపట్టమును పొందెను. ఇటలీ దేశమున ఆ పట్టము నందిన మొదటి కొద్దిమంది స్త్రీలలో ఆమె యొకతె. ఆ సంవత్సరమే బెర్లిన్ నగరమున జరిగిన మహిళా మహాసభకు తన దేశమునుండి ప్రతినిధిగా వెళ్ళి, సమానమైన పనికి స్త్రీలకును సమానమైన కూలి ఈయవలెనని వాదించెను.

పట్టము పొందిన వెనుక ఆమె విశ్వవిద్యాలయపు మానసిక వైద్యశాలలో సహాయకురాలుగా పని చేసెను. చికిత్సకు తగినవారిని ఎన్నుకొనుటకై రోము నగరమందలి మానసిక రోగుల ఆశ్రమములకు పలుమారు పోవలసి వచ్చెను. అచ్చట ఆమెకొక హృదయవిదారకమైన దృశ్యము కనబడెను. బుద్ధి ఎదుగని బిడ్డలను గూడ పెద్దవారగు రోగులతోపాటు అచ్చట నుంచియుండిరి. ఆ కాలమున వారిని మందులనియు, జడులనియు పిలిచెడివారు. ఆ మాటలు నేడు వాడుక నుండి తొలగినవి, తొలగుటయు న్యాయమే. ఆ బిడ్డలు చదువుకొన జాలరనియు, ఏ పనికిని పనికిరారనియు లోకమెల్ల నమ్మియుండెను. వారికి తిండి పెట్టి, గదిలో నుంచి, తలుపు మూసినచో ధర్మము తీరినదని తలంచెడివారు.

ఒక ఆశ్రమమున ఆ బిడ్డలను చూచుకొను పరిచారిక వారిని మిక్కిలి యేవగించుకొనుచుండెనట. భోజనము ముగియగానే వారు నేలపై వ్రాలి రొట్టెముక్కలను ఏరుకొందురని ఆమె ఫిర్యాదు. మాంటిస్సోరి ఆ గదిని నలుదెసల పరికించి చూచెను. నాలుగు గోడలు తప్ప అందేమియు లేదు. ఒక ఆటవస్తువు లేదు. చేతితో పట్టుకొనదగిన పుల్ల యైనను లేదు. ఆ బిడ్డలు ఆకలిచే ముక్కలు ఏరుట లేదనియు, వారి చేతులకు పని లేక, ఆ లోకమున దొరకిన యేకైక వస్తువును పట్టుకొని చూచుచున్నారనియు ఆమెకు తోచెను. పరిచారికకు ఏవగింపు కలిగించినదే ఆమెకు ఆశ కలిగించెను. పట్టుకొని చూడగోరు చేయి గల బిడ్డ నేర్చుకొనగల బిడ్డయే యని ఆమె తలపోసెను. ఈ బిడ్డలకు కావలసినది మందు కంటె ముఖ్యముగా విద్య యని ఆమె నిశ్చయించుకొనెను.

ఆ మార్గమున తనకు ముందు నడచినవారెవరని ఆమె వెదకెను. ఫ్రాన్సు దేశమున ఇటార్ అను వైద్యుడు, 1800వ సంవత్సరమున అవేరోన్ అడవుల సమీపమున దొరకిన మాటరాని బాలునకు విద్య గరపుటకై కొన్ని సంవత్సరములు శ్రమించెను. ఆతని శిష్యుడు ఎడ్వర్డ్ సెగాన్ ఆ పనిని కొనసాగించి, పారిసునందును, తరువాత అమెరికా యందును బుద్ధిమాంద్యము గల బిడ్డలకు విద్య నేర్పెను; పారిసునందుండగా 1846లో నొక గొప్ప గ్రంథమును ప్రచురించెను. కండరములను, ఇంద్రియములను మేల్కొలిపి వాని మూలమున బుద్ధిని మేల్కొలుపుట ఆతని పద్ధతి. ఈ యిరువురి రచనలను మాంటిస్సోరి తరువాతి కాలమున ఇటలీ భాషలోనికి మార్చి, ఆద్యంతము తన చేతితో వ్రాసికొనెను. ప్రతి పదముకడ నిలిచి ఆలోచింపవలె ననుటయే ఆ శ్రమకు కారణము.

1898లో ట్యూరిన్ నగరమున జరిగిన ఉపాధ్యాయ మహాసభలో ఆమె ఈ బిడ్డల పక్షమున మాటలాడెను. వారిని ఆశ్రమములలో బంధించుటకు మారుగా వారికొరకు ప్రత్యేక పాఠశాలలు స్థాపింపవలెననియు, వారికి నేర్పగల ఉపాధ్యాయులను తయారు చేయవలెననియు వాదించెను. దాని ఫలముగా 1900లో రోము నగరమున ఆర్థోఫ్రెనిక్ పాఠశాల యను శిక్షణాలయము వెలసెను. దానికి మాంటిస్సోరియు, మోంటెసానో అను వైద్యుడును సంచాలకులైరి. ఉపాధ్యాయులకు బోధించుటతో ఆమె తృప్తి నొందలేదు. ఉదయము 8 గంటలు మొదలు సాయంకాలము 7 గంటల వరకు తానే బిడ్డల నడుమ నుండి వారికి నేర్పుచుండెను. రాత్రి తాను చూచినదానిని వ్రాసికొనుచుండెను.

ఆమె బోధించిన తీరు మిక్కిలి సులభముగా కనబడును. దాని వెనుకనున్న పరిశీలన మాత్రము గొప్పది. దీనికొక యుదాహరణము కలదు. 11 ఏండ్ల బాలిక యొకతె కుట్టు నేర్చుకొనలేకపోయెను. సూదిని ఒకసారి బట్టపైకిని, ఒకసారి బట్టక్రిందికిని పోనిచ్చుట గూడ ఆమెకు అలవడలేదు. మరియొక గురువైనచో అదే పనిని నూరుమారులు చేయించి, విసిగి, నీ కిది రాదని విడిచియుండును. మాంటిస్సోరి సూదిని తీసి ప్రక్కన నుంచెను. కాగితపు పట్టీలను నిలువు పట్టీలకు ఒకసారి పైగాను, ఒకసారి క్రిందుగాను దూర్చి చాప అల్లుట ఆ బాలికకు నేర్పెను. పట్టీలు వెడల్పైనవి, కంటికి స్పష్టముగా కనబడునవి, వ్రేళ్ళకు సులభముగా చిక్కునవి. ఆ పని బాలికకు వచ్చిన పిమ్మట మరల సూదిని చేతికిచ్చెను. ఈసారి బాలిక కుట్టగలిగెను. కుట్టునకు కావలసిన చేతి కదలిక, కుట్టు మొదలిడుటకు ముందే ఆమెకు అలవడియుండెను.

ఇందుండి మాంటిస్సోరి యొక సూత్రమును గ్రహించెను. ఒక పనిని చేయలేనివానిచే ఆ పనినే మరల మరల చేయించుట వ్యర్థము. ఆ పనిలో నిమిడియున్న చిన్న చిన్న కదలికలను విడదీసి, ఒక్కొక్కదానిని వేరుగా నేర్పినచో, పని తనంతట తానే వచ్చును. అంగీకి గుండీలు పెట్టుకొనుటకు కొయ్యచట్రములపై బట్ట బిగించి, పెద్ద గుండీలతో అభ్యాసము చేయించెను. అక్షరములు నేర్పుటకు కొయ్యతో అందమైన పెద్ద యక్షరములు చేయించి, అచ్చులకొక రంగును, హల్లులకొక రంగును పూయించెను. బిడ్డ ఆ యక్షరముపై వ్రేలు పోనిచ్చుచు, దాని ధ్వనిని పలుకును. కన్ను, చెవి, వ్రేలు మూడును ఒకేసారి నేర్చుకొనును. కంటికి పట్టుపడని యక్షరము వ్రేలికి పట్టుపడును.

ఆ పాఠశాలలో చదువుతోపాటు నిత్యకృత్యములకును పెద్ద స్థానముండెను. ముఖము కడుగుకొనుట, బట్టలు తొడుగుకొనుట, బల్లపై పళ్ళెములు అమర్చుట అచ్చట పాఠములే. ఒక బిడ్డ గుండీ పెట్టుకొనుటకు చాలసేపు తంటాలు పడుచుండగా, చూచువారికి చేయి చాచి సాయము చేయవలెనని తోచుట సహజము. ఆ చేతిని ఆపుకొనుట గురువు నేర్చుకొనవలసిన మొదటి పాఠమని మాంటిస్సోరి యభిప్రాయము. అవసరమైనంత సాయము బిడ్డకు బలము. అవసరమునకు మించిన సాయము అడ్డంకి. ఇతరులచే బట్టలు తొడిగించుకొను బిడ్డకు దినమునకు ఎన్నిమారులో పరాధీనత గుర్తునకు వచ్చుచుండును. తన గుండీ తాను పెట్టుకొన్న దినమున ఆ బిడ్డ ముఖమున కనబడు వెలుగునకు వెల కట్టలేము.

అట్లు రెండేండ్లు గడచెను. ఆమె శిష్యులలో కొందరికి చదువుటయు, వ్రాయుటయు చక్కగా వచ్చెను. వారిని ఆమె సామాన్యపాఠశాలల బాలురతోపాటు ప్రభుత్వ పరీక్షకు కూర్చుండబెట్టెను. ఎందులకును కొఱగారని ఆశ్రమములలో విడిచిపెట్టబడిన బిడ్డలు ఆ పరీక్షలో ఉత్తీర్ణులైరి. జనులు దానిని అద్భుతమని కొనియాడిరి. మాంటిస్సోరికి మాత్రము వేరొక ఆలోచన కలిగెను. ఆరోగ్యవంతులును, చురుకైనవారును అగు బిడ్డలను తన శిష్యులు అందుకొనగలిగినారన్నచో, ఆ చురుకైన బిడ్డలను పాఠశాలలు ఎంత వెనుకకు త్రొక్కి యుంచియుండవలెను! మాటలాడక, కదలక బల్లలకు అంటుకొని కూర్చుండుమని శాసించుటచే వారి శక్తులెల్ల అణగారుచున్నవేమో యని ఆమె తలంచెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకై ఆమె 1901లో ఆ పాఠశాలను విడిచి, మరల విద్యార్థినియై తత్త్వశాస్త్రమును, మానవశాస్త్రమును, విద్యాశాస్త్రమును అభ్యసించెను.

ఆ సంవత్సరములలో ఆమె హృదయమున నొక బాధ గూడ నుండెను. 1898 మార్చి 31వ తేదీన ఆమెకు మారియో అను కుమారుడు జన్మించెను. నాటి సంఘపు కట్టుబాట్ల వలన ఆ బిడ్డను తనయొద్ద నుంచుకొనలేక, పల్లెయందలి యొక కుటుంబమునకు పెంపకమునకు ఈయవలసి వచ్చెను. పగలంతయు పరుల బిడ్డలను చేరదీయు ఆ తల్లి, తన బిడ్డను అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుటతో తృప్తి నొందవలసి వచ్చెను. మారియో 15 ఏండ్ల ప్రాయమున తల్లిని చేరెను. అది మొదలు తల్లి మరణించువరకు ఆమె పనిలో ఆతడు కుడిభుజమై నిలిచెను.

1907 జనవరి 6వ తేదీన మాంటిస్సోరి జీవితమున నూతనాధ్యాయము ప్రారంభమైనది. రోము నగరమున సాన్ లొరెంజో అను పేదవాడ కలదు. అచ్చటి పెద్ద భవనములలో కాపురముండు కూలివారు పనికి పోగా, వారి పసిబిడ్డలు మెట్లపై దొర్లుచు గోడలను పాడుచేయుచుండిరి. ఆ భవనముల యజమానులు వారిని చూచుకొనుటకు ఒక గదినిచ్చి, ఆ భారమును మాంటిస్సోరి కప్పగించిరి. ఆ గదియే బాలల గృహము. సుమారు 50 మంది బిడ్డలు చేరిరి. ఆర్థోఫ్రెనిక్ పాఠశాలలో తాను వాడిన వస్తువులనే ఆమె యిచ్చట వారి ముందుంచెను. కొయ్య యక్షరములు చేయించుటకు వీలు లేక, గరుకు కాగితమును అక్షరములుగా కత్తిరించి అట్టలపై అతికించెను. అవి వ్రేలికి ఇంకను బాగుగా తెలిసినవి.

వెనుకటి శిష్యులను ప్రోత్సహించి చేయింపవలసిన పనులను ఈ బిడ్డలు తమంతట తామే చేయసాగిరి. ఒక చిన్న బాలిక కొయ్యబిళ్ళలను వాని వాని గుంటలలో పెట్టుచు, తీయుచు, చుట్టును తోడివారు పాటలు పాడుచున్నను తల యెత్తక ఆ పనిని 40 సార్లకు పైగా చేసెను. ఒకనాడు మేడపై కూర్చున్న బాలుని పొగగొట్టమును బొమ్మ గీయుమనగా, ఆతడు గీసి, సుద్దముక్కతో నేలపై చేయి, పొగగొట్టము, ఇంటికప్పు అను మాటలను వ్రాసి, తనకు వ్రాయుట వచ్చినదని కేకలు వేసెను. ఎవ్వరును ఆతనికి వ్రాయుట నేర్పియుండలేదు. గరుకు అక్షరములపై నడచిన వ్రేలికే అది యబ్బెను. ఈ వార్త దేశదేశములకు వ్యాపించెను. 1909లో ఆమె రచించిన గ్రంథము అనేక భాషలలోనికి మార్చబడెను. చదువు రాని బిడ్డల కొరకు పుట్టిన యుపాయము ఈ విధముగా లోకమందలి బిడ్డలందరి సొత్తయ్యెను.

కీర్తితోపాటు కష్టములును వచ్చెను. ఇటలీ నియంతయగు ముస్సోలిని మొదట ఆమె పాఠశాలలను ఆదరించెను. బాలురను యుద్ధమునకు తయారుచేయగోరు పాలనమునకు స్వేచ్ఛను నేర్పు విద్య సరిపడకపోగా, ఆమె 1934లో స్వదేశమును విడిచెను. స్పెయిన్ దేశమున నివసించుచుండగా 1936లో అచ్చట అంతర్యుద్ధము చెలరేగెను. అటుపిమ్మట హాలెండు దేశమామెకు ఆశ్రయమిచ్చెను.

1939లో దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై మాంటిస్సోరి కుమారునితో మన దేశమునకు వచ్చి, మద్రాసునందలి అడయారున శిక్షణ ప్రారంభించెను. దేశపు నలుమూలలనుండి 300 మందికి పైగా శిష్యులు చేరిరి. ఆంధ్రదేశపు కోస్తా మండలములు నాడు మద్రాసు రాష్ట్రములోనివే. 1940 జూన్ మాసమున ఇటలీ యుద్ధమున దిగగా, ఆంగ్ల ప్రభుత్వము ఆమెను అడయారు ఆవరణము దాటరాదని కట్టడి చేసి, మారియోను అహమ్మద్‌నగరున నిర్బంధించెను. కొన్ని వారములకు, ఆమె 70వ జన్మదినమున, ప్రభుత్వము ఆమెకు కానుకగా కుమారుని విడిచిపుచ్చెను. తరువాత ఆమె కొడైకనాల్ కొండపై నివసించి బోధించెను. యుద్ధము వలన ఆరు మాసములకని వచ్చిన ఆమె యేడేండ్లు నిలిచి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తయారుచేసెను. 1955లో కోటేశ్వరమ్మగారు విజయవాడలో మాంటిస్సోరి పేర బాలల పాఠశాలను నెలకొల్పిరి.

1946లో ఐరోపాకు మరలిపోయి, తిరిగి మరియొకసారి మన దేశమునకు వచ్చి బోధించిన ఆ వృద్ధురాలు, 1952 మే 6వ తేదీన హాలెండు దేశపు సముద్రతీరమున నూర్డ్‌విక్ అను గ్రామమున తన 81 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆమె సమాధియు అచ్చటనే యున్నది.

బలహీనునికి చేయూత నిచ్చుట దానమని లోకము తలంచును. మాంటిస్సోరి జీవితమును పరికించినచో ఆ దానమున ఇచ్చినవారికే యెక్కువ లభించినట్లు తెలియును. బిడ్డకు తన పని తాను చేసికొను స్వేచ్ఛ దొరకెను. గురువునకు చూచు కన్ను దొరకెను. త్వరగా నేర్చు బిడ్డ తాను నేర్చిన మార్గమును మనకు చూపడు. ఒక్కొక్క మెట్టుకడ ఆగు బిడ్డయే మెట్లెన్ని కలవో తెలుపును. లోకమునకు, ఆ బిడ్డల మూలమున, పసివారందరికి తగిన విద్య దొరకెను.

నేడు మన దేశమున 1984లో సికింద్రాబాదున స్థాపింపబడిన జాతీయ సంస్థ ఇట్టి బిడ్డలకు నేర్పువారిని తయారుచేయుచున్నది. 2016 నాటి శాసనము నిర్ణీత ప్రమాణమునకు తక్కువ కాని వైకల్యము గల బిడ్డలకు 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఒసగెను. ఆంధ్రప్రదేశమున ఇట్టివారి కొరకు భవిత కేంద్రములు కలవు. అయినను శాసనము గ్రామములోని ప్రతి యింటి గడపను తనంతట తాను దాటలేదు. తిరువూరు ప్రాంతమున కట్టలేటి సమీపమున నున్న వినగడప వంటి పల్లెలలోను, మరి యే పల్లెలోనైనను, తరగతిలో చివర కూర్చున్న బిడ్డకు అక్షరము పట్టుపడనప్పుడు, ఆ ప్రక్కనున్న తోడివిద్యార్థి చేయదగిన పని కొంత కలదు. పరిహసింపకుండుట మొదటిది. ఆ బిడ్డ పనిని తాను చేసిపెట్టకుండుట రెండవది. వ్రేలితో ఇసుకపై అక్షరము దిద్దుచు, అది వచ్చువరకు ఓపికతో ప్రక్కన కూర్చుండుట మూడవది. రోము నగరపు పాఠశాలలో బిడ్డల నడుమ కూర్చుండి ఆ యువవైద్యురాలు చేసినదియు ఇంతియే.